మా వదినకు మూడు పోలికలు

మా వదిన ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే గోడ తట్టి చూస్తుంది. వేలి కణుపులతో రెండు దెబ్బలు కొట్టి, తల పక్కకు వంచి వింటుంది. అన్నయ్య ఆమెను మాకు చూపించడానికి మొదటిసారి తీసుకొచ్చిన రోజున కూడా అదే పని చేసింది. అమ్మ మంచినీళ్ల గ్లాసుతో వచ్చేసరికి, కాబోయే కోడలు హాల్లో గోడకు చెవి ఆనించి నిలబడి ఉంది.

"ఈ గోడ తర్వాత కట్టింది కదండీ?" అని అడిగింది.

అమ్మ మొహం మాడిపోయింది. ఆ గోడ నిజంగానే తర్వాత కట్టింది. ఒక గదిని రెండు చేద్దామని, మేస్త్రీ ఎందుకు దండగ అని, నాన్న తనే ఇటుకలు పేర్చి కట్టాడు. ఆ సంగతి బయటివాళ్లెవరికీ తెలియదని అమ్మ ధీమాగా ఉండేది. అన్నయ్య చూస్తే నేల చూపులు చూస్తున్నాడు. నాకు మాత్రం ఆ పిల్ల ఆ నిమిషానే నచ్చేసింది. మా ఇంట్లో నేను తప్ప ఉన్నది ఉన్నట్టు మొహం మీద అనే మనిషి ఇంకొకరు దొరికారని సంబరపడ్డాను. తర్వాత తెలిసింది, ఆమె గోడల గురించి మాత్రమే అలా మాట్లాడుతుందని. తన గురించి మాట్లాడాల్సి వస్తే నోట్లో నాలుక ఉండదు.

మా వదిన ఇళ్లకు విలువ కట్టే ఉద్యోగం చేస్తుంది. బ్యాంకు అప్పిచ్చే ముందు, అన్నదమ్ములు పంచుకునే ముందు, ఈ ఇల్లు ఎంత చేస్తుందో చెప్పేవాళ్లు ఒకరుండాలి కదా, ఆ ఒకరు ఈవిడ. ఆఫీసు ఒక చెప్పుల దుకాణం మీద రెండో అంతస్తులో ఉంటుంది. ఇరుకు మెట్లు, మెట్ల పొడుగునా కొత్త తోలు వాసన. పైన నాలుగు బల్లలు, నలుగురు వాల్యూయర్లు, బస్‌స్టాపు వైపు ఒక కిటికీ, చివర్లో యజమాని గది. యజమానిని అందరూ పెద్దాయన అంటారు.

వాళ్ల పని పద్ధతి నేను వింటూ వింటూ నేర్చేసుకున్నాను. ఒక ఇంటికి విలువ కట్టాలంటే, ఆ చుట్టుపక్కల ఈ మధ్య అమ్ముడైన అలాంటి ఇళ్లే మూడు వెతకాలి. వాటిని పోలికలంటారు. పోలిక ఇంటికి ఉండి మన ఇంటికి లేనిదానికి కొంత తీసేయాలి, మనకుండి దానికి లేనిదానికి కొంత కలపాలి. కట్టడం పాతదైతే అందులోంచి తరుగు కొట్టాలి. రెండు పోలికలు దొరికితే చాలదు, మూడు ఉండాల్సిందే. మూడు లేనిదే మా వదిన నోట్లోంచి అంకె ఊడిపడదు. గొడుగు కొనాలన్నా మూడు కొట్లు తిప్పుతుంది. ఆమెతో బజారుకు వెళ్లొస్తే నాకు రెండు రోజులు కాళ్లు పీకుతాయి.

ఆ పనంటే ఆమెకు ప్రాణం. గోడ పగులు మీద క్యాలెండరు తగిలించేవాళ్లూ, చెమ్మ కనబడకుండా బీరువా జరిపేవాళ్లూ, వాసన తెలియకుండా ఇల్లంతా సెంటు కొట్టేవాళ్లూ ఎంతమందో. ఈవిడ నవ్వుతూనే, "కాస్త ఈ బీరువా జరుపుతారా?" అంటుంది. ఒకసారి ఒక పెద్దమనిషి, తన ఇల్లు ఎందుకూ కొరగానిదని తనే తేల్చేసుకుని దిగాలుగా కూర్చున్నాడట. ఈవిడ ఎంత కట్టిందో విని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరిదాకా వెంటపడి వచ్చాడట. "అమ్మా, మీరు వేరే ఇంటికి వెళ్లబోయి మా ఇంటికి రాలేదు కదా?" అని. అది చెప్పి మా వదిన వారం రోజులు నవ్వింది.

ఇక నేనంటారా, నేను కర్టెన్లు కుడతాను. మా ఇంటి పై వాటాలోనే నా మిషను, నా కత్తిరింపు బల్ల. నా రేటు నేను చెప్తాను. బేరమాడితే టేపు మడిచి మెడలో వేసుకుని, "మీకు ఇంకోచోట బాగా కుడతారండీ" అంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అమ్మ అంటుంది. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

ఒకరోజు సాయంత్రం వదిన ఆఫీసు నుంచి తిన్నగా నా గదికి వచ్చి, గుడ్డల మూట మీద కూలబడింది. కూలబడి నవ్వుతోంది.

"ఇవాళ టై నా దగ్గర కూర్చుని ఏడ్చినంత పని చేశాడు," అంది.

టై అంటే ఆమె పక్క బల్ల కుర్రాడు. ఆ ఆఫీసులో టై కట్టుకొచ్చేది అతనొక్కడే కాబట్టి మా ఇంట్లో అతనికి ఆ పేరు ఖాయమైపోయింది. చేరి రెండేళ్లయినా కాలేదు. గోడ ఎక్కడ తట్టాలో, ఎలా వినాలో అతనికి నేర్పింది మా వదినే.

"ఏం, మెడకు బిగుసుకుందా?"

"జీతం చాలట్లేదట. ఇంత జీతంతో మనిషన్నవాడు ఎలా బతుకుతాడక్కా, మీరే చెప్పండి అన్నాడు. జాలేసి నా బాక్సులో సగం అతనికే పెట్టేశాను. తింటూ తింటూ జీతమెంతో చెప్పాడు."

"ఎంతట?"

చెప్పింది. ఆ వెంటనే తన జీతమెంతో కూడా చెప్పింది. మనిషన్నవాడు బతకలేని టై జీతం మా వదిన జీతానికి ఒకటిన్నర రెట్లు.

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆమె మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది. "ఇంకా ఉంది, ఆగు. పోయినేడు అతనికి జీతం పెంచమని పెద్దాయనకి చెప్పింది ఎవరనుకున్నావ్? నేనే!"

అప్పుడు నాకూ నవ్వాగలేదు. ఇద్దరం ఆ గుడ్డల మీద పడి కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వాం. ముందు ఆమె నవ్వు ఆగింది.

"నాకు ఆ పని తప్ప ఇంకేదీ వద్దు," అంది. "కానీ ఇప్పుడేం చెయ్యను చెప్పు. అడిగి లేదనిపించుకుంటే ఆ కుర్చీలో కూర్చోలేను. తెలిశాక కూడా అడక్కుండా ఊరుకుంటే అసలు కూర్చోలేను."

నేను ఒంటికాలి మీద లేచాను. "పద, ఇప్పుడే వెళ్దాం. ఆయనింటి అడ్రసుందా?"

"ఆగవమ్మా. ఒక్క పోలికేగా దొరికింది. మూడుండాలి."

అదీ మా వదిన. గుండె రగిలిపోతున్నా మూడు పోలికలు కావాలి. మర్నాడు మిగతా ఇద్దరినీ అడిగింది. ఒకాయన చెవి వెనక ఎప్పుడూ పెన్సిల్ ఉంటుంది కాబట్టి పెన్సిల్. ఇంకొకాయనకు దుమ్ము పడదు. పాత ఇంట్లో అడుగుపెట్టగానే తుమ్ములు మొదలవుతాయి. ఈయన వరసగా మూడు తుమ్మితే ఆ గోడలో చెమ్మ ఉన్నట్టేనని ఆఫీసులో జోకు. "మీ జీతమెంత?" అని మా వదిన అడిగేసరికి, నడిబజారులో చొక్కా విప్పమన్నట్టు చూశారట ఇద్దరూ. తుమ్ములాయన జేబురుమాల్లోంచి చెప్పాడు. పెన్సిల్ మెట్ల మీదకు తీసుకెళ్లి, చెప్పుల దుకాణంవాడికి కూడా వినబడకుండా చెవిలో చెప్పాడు. ఇద్దరిదీ టై జీతం కంటే ఎక్కువే. ఇక వదిన తన జీతం చెప్పేసరికి పెన్సిల్ అలాగే నిలబడిపోయాడట.

"నీకు మా అందరికంటే ఎక్కువేమో అనుకున్నానమ్మా," అన్నాడట పాపం. "ఇన్నాళ్లూ కొంచెం కుళ్లుకున్నాను కూడా."

ఆదివారం మధ్యాహ్నం నా కత్తిరింపు బల్ల చుట్టూ చేరాం. నేను, వదిన, అన్నయ్య, అమ్మ. అన్నయ్య మందుల షాపులో పని చేస్తాడు, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అమ్మ బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఉద్యోగం దిగింది కానీ గొంతు ఇంకా బస్సులోనే ఉంది. వదిన నేను నమూనాలు గీసుకునే బ్రౌన్ పేపరు పరిచి, నా సుద్దముక్క తీసుకుని, తనకు తను విలువ కట్టుకోవడం మొదలుపెట్టింది. పైన మూడు పోలికలు రాసింది. కింద గీత గీసింది. ఇక తీసివేతలు.

"నాకు బండి నడపడం రాదు. దూరం ఇళ్లకి వాళ్లే వెళ్తారు. కొంత తీసేద్దాం."

"సరే," అన్నాను, పళ్లు నూరుతూ.

"అయిదు కొట్టగానే లేచొచ్చేస్తాను. దానికి కొంత. ఈయన ఆపరేషనప్పుడు నెల సెలవు పెట్టాను. దానికి కొంత."

"నా అపెండిక్స్‌కి కూడా కోతేనా?" అన్నాడు అన్నయ్య. ఆ రోజుకు అతని మాటల్లో సగం అక్కడే ఖర్చయిపోయాయి.

"ఇక ఆఫీసులో అందరికంటే పాతదాన్ని నేనే. ఇన్నేళ్లకి ఏడాదికింత చొప్పున తరుగు," అని గబగబా వేసుకుంటూ పోయింది. అడుగున అంకె తేలింది. అది అచ్చంగా ఇప్పుడు ఆమెకు వస్తున్న జీతం! మా వదిన మొహం వెలిగిపోయింది. "చూశారా, సరిగ్గానే ఇస్తున్నారు! అనవసరంగా పెద్దాయన్ని అనుమానించాం," అని సుద్దముక్క కింద పెట్టేసింది.

నేను నోరు తెరిచాను కానీ అమ్మ నాకంటే ముందు అందుకుంది.

"ఏమ్మా కోడలా, తరుగన్నావు, అదేంటి?"

"పాతబడేకొద్దీ విలువ తగ్గుతుంది కదా అత్తయ్యా, దానికి తీసేసేది."

"నేను బస్సెక్కిన మొదటి రోజు ఒకడికి చిల్లరివ్వడానికి రెండు స్టాపులు పట్టింది. దిగిపోయే ముందు, చూడకుండా, చెయ్యి సంచిలో పెట్టి తీస్తే సరిగ్గా అంతే వచ్చేది. ఎవడు టిక్కెట్టు తియ్యకుండా నిద్ర నటిస్తున్నాడో వాడి వీపు చూసి చెప్పేదాన్ని. పాతబడింది బస్సమ్మా. నేనెందుకు పాతబడతాను? వెయ్యి, నాకెంత తరుగేస్తావో వెయ్యి చూద్దాం!"

వదిన కాగితం వంక చూస్తూ కూర్చుంది. కాసేపటికి బుగ్గలు ఎర్రబడ్డాయి.

"తరుగు గోడలకి కదూ," అంది మెల్లగా. "అయినా అది కాదు అత్తయ్యా నేను చేసిన తప్పు. అంకె ముందే బుర్రలో పెట్టుకుని, దానికి సరిపోయేలా లెక్క వెనక నుంచి కట్టుకుంటూ వచ్చాను. మా పనిలో ఇంతకంటే పాపం లేదు. టైకి మొదటి రోజే చెప్పాను, ఇంటివాళ్లు ఎంత ఆశపడుతున్నారో ముందు వినకు, వింటే నీ చెయ్యి అటే పోతుందని. నా చెయ్యి నాకు తెలియకుండానే అటుపోయింది."

నాకు కోపమంతా కరిగిపోయి, అమాంతం వాటేసుకోవాలనిపించింది. వాటేసుకున్నాను కూడా.

కొత్త కాగితం పరిచాం. ఈసారి ఆమె జీతం సంగతి ఎవరమూ తలవలేదు. బండి రాదన్నదానికి కొంత తీసింది, అది న్యాయమే. కొత్తవాళ్లకు పని నేర్పుతున్నదానికి కొంత కలిపింది. ఆమె రిపోర్టు ఒక్కటి కూడా బ్యాంకు నుంచి తిరిగి రాలేదు, దానికి కొంత. పెద్దాయన ఊళ్లో లేనప్పుడు సంతకాలన్నీ ఆమెవే, దానికి కొంత. చివర్లో తేలిన అంకె టై జీతాన్ని దాటి, తుమ్ములాయన్ని దాటి, పెన్సిల్ కంటే పిసరంత పైన ఆగింది. మా వదిన దాన్ని చూసి, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు చేత్తో మూసేసింది.

"ఇంత ఎలా అడుగుతాను?"

"నోటితో," అంది అమ్మ.

ఇక ఆ సాయంత్రమంతా రిహార్సలు. అన్నయ్య పెద్దాయన వేషం కట్టాడు. ఏమీ మాట్లాడకుండా కూర్చోవాలి కాబట్టి ఆ వేషానికి అతన్ని మించినవాడు లేడు. వదిన ఎదురుగా నిలబడి అంకె చెప్పాలి. మొదటిసారి చెప్పింది, ఎవరికీ వినబడలేదు. రెండోసారి అంకె చెప్పి చివర్లో "మీకు వీలైతే" అని తోక తగిలించింది. అమ్మ బల్ల చరిచింది.

"వెనక సీటుకి వినబడాలి! మాట గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలి. టిక్కెట్, టిక్కెట్ అన్నట్టు చెప్పు. మీకు వీలైతే టిక్కెట్ తీసుకోండని ఏ కండక్టరైనా అంటుందా?"

ఏ పదోసారో వదిన పొట్టలోంచి చెప్పింది. ఎదురింటి కిటికీలోంచి ఒక తల బయటికొచ్చి మా వైపు చూసింది. అమ్మ తృప్తిగా తలూపింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం ఎండ బల్ల మీద పడుతోందని, కర్టెన్లు కుట్టించమని పెద్దాయన వదినతో ఎప్పటినుంచో కబురు పెడుతున్నాడు. నేను పట్టించుకోలేదు. ఆదివారం తర్వాత హఠాత్తుగా నాకు తీరిక దొరికింది. వదిన గట్టిగా చెప్పింది, "నేను మాట్లాడే రోజున మాత్రం నువ్వు రాకు, నీ నోటికి దణ్ణం పెడతాను," అని. సరేనన్నాను. ఆమె మాట్లాడతానన్న బుధవారం నాడే, ఆమె ఒక ఇల్లు చూడటానికి వెళ్లిన సమయం చూసి, ఆఫీసుకు చేరుకున్నాను. వదిన తిరిగొచ్చి పెద్దాయన గది తలుపు తోసేసరికి నేను కిటికీ దగ్గర స్టూలెక్కి, రాడ్డుకు సరిపోతాయో లేదో చూడటానికి తెచ్చిన కొక్కేలు అరడజను పళ్ల మధ్య పట్టుకుని ఉన్నాను. నన్ను చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ చూపుకు నేను స్టూలు మీంచి పడాల్సింది.

"ఆవిడ పని ఆవిడ చూసుకుంటుంది. నువ్వు చెప్పమ్మా," అన్నాడు పెద్దాయన.

"నా జీతం గురించి సార్."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "ఏం, ఆలస్యంగా వస్తోందా?"

"తక్కువగా వస్తోంది సార్."

కొక్కేల మధ్య నుంచి నాకు తెలియకుండానే "ఊఁ" అని శబ్దం వచ్చింది. వదిన నా వైపు చూడకుండా తన మాట తను చెప్పుకుపోయింది. మిగతా ముగ్గురికీ ఎంతొస్తోందో తెలుసనీ, అది వాళ్లు చెప్తేనే తెలిసిందనీ, వాళ్లను ఏమీ అనొద్దనీ చెప్పింది. ఆయన అంతా విన్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. దుర్మార్గుడైతే కోప్పడటం ఎంత సుఖం!

"వాళ్లు చేరేటప్పుడు ఇంత కావాలని అడిగారమ్మా. అడిగారు, ఇచ్చాను. నువ్వు ఎంతిస్తారన్నావు. నేనొకటి చెప్పాను. సరే సార్ అన్నావు. ఆ తర్వాత ఎప్పుడూ నువ్వా ఊసెత్తలేదు," అన్నాడు. ఆ గొంతులో తప్పు చేసినవాడి తడబాటు ఏ కోశానా లేదు. నా నోట్లో ఇనుము లేకపోతే ఆ గదిలో ఏం జరిగేదో నాకే తెలియదు.

వదిన చేతులు కట్టుకుని నిలబడింది. "సార్, ఒక ముసలావిడ ఉందనుకోండి. తన ఇల్లు ఎంత చేస్తుందో ఆవిడకి తెలీదు. ఎంతోకొంత రాసుకోండి బాబూ అంది. మనం ఎంతోకొంత రాసేస్తామా?"

"ఎందుకు రాస్తాం?"

"ఏం, ఆవిడే చెప్పిందిగా?"

"ఇంటావిడ చెప్పింది విలువెలా అవుతుందమ్మా? మనం వెళ్లి చూడాలి, కొలవాలి, పోలికలు..." అంటూ పెద్దాయన ఆగిపోయాడు.

"నా విషయంలో మీరు ఇంటావిడ చెప్పిందే రాసుకున్నారు సార్. ఇన్నేళ్లలో ఒక్కసారీ వచ్చి చూడలేదు."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడుచుకున్నాడు. పక్క గదిలో ఏదో రాస్తున్న చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ఆగిపోయింది. గోడ పలచన అని మా వదిన ఎన్నోసార్లు చెప్పింది.

"ఎంత?" అన్నాడు.

వదిన నోరు తెరిచింది. మాట రాలేదు. స్టూలు మీంచి ఆమె కళ్లలోకి చూసి, నోరు కదపడానికి వీల్లేక, చేత్తో నా పొట్ట మీద చరుచుకున్నాను. పెద్దాయన నాకేదో కడుపునొప్పి అనుకుని ఉంటాడు. మా వదిన మాత్రం ఊపిరి పీల్చుకుని, తోకలేమీ తగిలించకుండా, వెనక సీటుకు వినబడేలా అంకె చెప్పింది. పక్క గదిలో తుమ్ములాయన వరసగా మూడు తుమ్మాడు.

"సరే," అన్నాడు పెద్దాయన.

"సార్?"

"సరేనమ్మా. ఒకటో తారీకు నుంచి."

అంతే. ఒక్క మాట. నేను ఇంకో గంటసేపు జరగబోయే యుద్ధానికి సిద్ధపడి ఉన్నాను. కొక్కేలు ఉమ్మేసి దిగి, ఆమె వెంటే బయటికి నడిచాను. పెన్సిల్ లేచి నిలబడ్డాడు. టై కుర్చీ జరిపి ఆమెకు దారిచ్చాడు. అతని మొహం చూస్తే, ఆ బాక్సులో సగం తిన్నందుకు ఇప్పుడు అరగడం లేదనిపించింది. వదిన వెళ్తూ వెళ్తూ అతని భుజం తట్టింది.

మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. సంతోషంతో కాదు, ఒళ్లుమండి. "ఇంత తేలికా? ఒక్క సరే? ఇన్నేళ్లుగా అది నేనడిగితే వచ్చేదా?" అంటూ నా చెయ్యి పట్టుకుని గుంజింది. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. చెప్పుల దుకాణంవాడు మెట్ల కిందికి వచ్చి, చెప్పులు కరిచాయా అన్నట్టు మా కాళ్ల వంక చూసి వెళ్లిపోయాడు. పోయిన ఏళ్ల సంగతేమిటి, అవి ఎవరిస్తారు అని నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ అంటూ ఉంటాను. మా వదిన, "ఆ ఇల్లు అమ్ముడైపోయిందిలే," అంటుంది. అంటుంది కానీ ఆ మాటప్పుడు ఆమె మొహం చూడాలనిపించదు నాకు.

కళ్లు తుడుచుకున్నాక హఠాత్తుగా నా వైపు తిరిగింది. "కర్టెన్లకి ఎంత చెప్పావ్?"

నేను నీళ్లు నమిలాను.

"చెప్పు."

చెప్పాను. నా మామూలు రేటులో సగం. ఆవేళ ఆయన మనసు కుదురుగా ఉండాలని, ఆమె పని చెడకూడదని, అడక్కుండానే తగ్గించేశాను. టేపు మడిచి మెడలో వేసుకునే మనిషినే! మా వదిన లేచి, నా జబ్బ పట్టుకుని, మళ్లీ మెట్లెక్కించింది. గుడ్డ ఇంకా కొయ్యలేదనీ, కొలతలే తీశాననీ, సరైన రేటు ఇదనీ నాచేతే చెప్పించింది. పెద్దాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీ ఇంట్లో ఇంకా ఎవరైనా ఉన్నారా అమ్మా?" అన్నాడు.

"మా అత్తయ్య ఉన్నారు సార్. ఆవిడకి పెన్షనొస్తుంది, మీకేం భయం లేదు," అంది వదిన.

ఆయన నవ్వాడు. మేమూ నవ్వాం. కర్టెన్లు బాగా కుదిరాయి.

ఆ ఏడాదే ఆఫీసులో పని పెరిగి అయిదో బల్ల వేశారు. దాని కోసం ఒక అమ్మాయి వచ్చింది. చదువు అప్పుడే పూర్తయిన పిల్ల. పెద్దాయన పిలిచేదాకా బయట బెంచీ మీద, మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. మా వదిన తన పని వదిలేసి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"ఎంత అడుగుదామనుకుంటున్నావ్?"

"వాళ్లెంతిస్తే అంతేనండీ," అందట ఆ పిల్ల.

మా వదిన తన జీతమెంతో చెప్పింది. చేరేటప్పుడు ఎంతకు సరేనందో అదీ చెప్పింది. తర్వాత వెనక్కి తిరిగి బల్లల వైపు చూసింది. పెన్సిల్ వచ్చి తనదెంతో చెప్పాడు, ఈసారి మామూలు గొంతుతోనే. తుమ్ములాయన చెప్పాడు. టై తనకు మొదటి నెలలో ఎంతిచ్చారో చెప్పి, "దీనికంటే తక్కువకి మాత్రం ఒప్పుకోకు, మనిషన్నవాడు బతకలేడు," అన్నాడట. అంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది.

అయిదు నిమిషాలైందో లేదో పెద్దాయన తలుపు తీసుకుని బయటికొచ్చాడు. "ఈ అమ్మాయి కుర్చీలో కూర్చోకముందే అంకె చెప్పేసింది. ఎవరు నేర్పారు?"

నాలుగు తలలూ కాగితాల్లో దూరిపోయాయి. "పోలికలు చూసుకుని వచ్చింది సార్. పనికొస్తుంది," అంది మా వదిన తలెత్తకుండానే.

"పనికొస్తుంది. సోమవారం నుంచి రమ్మన్నాను," అని ఆయన తలుపేసుకున్నాడు.

ఆ పిల్ల మెట్లు దిగుతూ వాళ్లమ్మకు ఫోను చేసింది. ఆ మెట్ల మీద ఏం మాట్లాడినా పైకి వినబడుతుంది. "అమ్మా, అడిగాను! అడిగినంతా ఇస్తామన్నారమ్మా!" అని అరుస్తోందట. ఆ సాయంత్రం మా వదిన నా గదికి వచ్చి, ఆ పిల్ల గొంతు ఎలా ఉందో అచ్చంగా అలాగే అరిచి చూపించింది. "నాకు ఇన్నేళ్లు పట్టిన మాట దానికి అయిదు నిమిషాల్లో అయిపోయింది. నాకు ఎంత సంతోషం వేసిందో తెలుసా? కొంచెం కుళ్లు కూడా వచ్చిందనుకో," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మిషను ఆపి, ఆమెను దగ్గరికి లాక్కుని, చాలాసేపు వదల్లేదు.